విరేచనం మందుకు నీరే బలం!

నాలుగు రోజులుగా విరేచనం కాలేదంటే ఇంట్లో తలా ఒక సలహా ఇస్తారు. ఒకరు ఆముదం తాగమంటారు. ఇంకొకరు సునాముఖి అంటారు. చివరికి ఎవరో మందుల షాపుకు వెళ్లి ఒక సీసా తెచ్చేస్తారు. అది ఏ రకం మందో, ఎన్ని గంటలకు పనిచేస్తుందో అడిగేవారు తక్కువ. చిక్కంతా అక్కడే వస్తుంది.

రోజూ విరేచనం కాకపోతే జబ్బేనని చాలామంది అనుకుంటారు. నిజానికి రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకూ మామూలే. మలం గట్టిపడి, ముక్కాల్సి వస్తూ, ఇంకా మిగిలే ఉందనిపిస్తుంటే అది మలబద్ధకం.

మాగాయ ఊటలాగే...

మాగాయ కోసం మామిడి ముక్కలకు ఉప్పు కలిపితే ఊట దిగుతుంది కదా! నీటిని తనవైపు లాక్కునే ఆ గుణంతోనే కొన్ని విరేచనకారులు పనిచేస్తాయి. వీటినే ఆస్మాటిక్ లాక్సేటివ్‌లు అంటారు. లాక్టులోజ్, పాలీఇథిలీన్ గ్లైకాల్, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఈ కోవలోవే. ఆముదం, సునాముఖి పేగు కండరాలను కదిలిస్తాయి. ఇవి మాత్రం పేగులో నీటిని నిలిపి ఉంచి మలాన్ని మెత్తబరుస్తాయి.

అందుకే వీటికి కాస్త సమయం ఇవ్వాలి. లాక్టులోజ్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు ఒకటి నుంచి మూడు రోజులు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అరగంట నుంచి ఆరు గంటల్లో పనిచేస్తుంది. రాత్రి తాగిన మందు తెల్లారేసరికి పనిచేయలేదని మరో మోతాదు తాగితే, మర్నాడు నీళ్ల విరేచనాలు పట్టుకోవచ్చు.

పెద్దవాళ్లకు పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి సాధారణంగా రోజుకు 17 గ్రాములు, గ్లాసుడు నీళ్లలో కలిపి ఇస్తారు. లాక్టులోజ్‌తో మొదట్లో కడుపుబ్బరం, గ్యాస్ ఉండొచ్చు. వారం దాటినా మందు లేనిదే విరేచనం కాకపోతే డాక్టరును కలవాలి. ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మందులు, థైరాయిడ్ లోపం కూడా మలబద్ధకానికి కారణం కావచ్చు. పిల్లలకు, గర్భిణులకు సొంతంగా ఇవ్వొద్దు.

కిడ్నీ జబ్బు ఉంటే...

మెగ్నీషియం ఉన్న మందులు కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రమాదం. ఒంట్లో చేరిన మెగ్నీషియం బయటికి పోక నీరసం వస్తుంది, బీపీ పడిపోతుంది, గుండె లయ కూడా తప్పొచ్చు. సోడియం ఫాస్ఫేట్ మందులతో మరింత జాగ్రత్త అవసరం. పరీక్షకు ముందు పేగు శుభ్రం చేయడానికి వాడిన ఈ మందుతో కొందరి కిడ్నీలు దెబ్బతినడంతో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో తీవ్ర హెచ్చరిక జారీచేసింది. మలబద్ధకానికి వాడేటప్పుడు 24 గంటల్లో ఒక మోతాదు మించొద్దని 2014లో మరోసారి చెప్పింది.

కొలనోస్కోపీకి ముందు

ఇక్కడ లెక్క చెంచాల్లో కాదు, లీటర్లలో ఉంటుంది. అంత ద్రవం పేగులోంచి పోతే ఒంట్లో లవణాలు తగ్గిపోవా? ఈ చిక్కుకు 1980లో అమెరికాలోని డల్లాస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం పరిష్కారం చూపింది. పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు తగుపాళ్లలో లవణాలు కలిపి, ఒంట్లోంచి నీటినీ లవణాలనూ పెద్దగా లాగని ద్రావణాన్ని తయారుచేసింది. కాబట్టి మలబద్ధకం పొడినే ఎక్కువ కలుపుకొని తాగితే సరిపోతుందనుకోవద్దు. ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన పొడినే, చెప్పినన్ని నీళ్లలోనే కలపాలి.

సాధారణంగా సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి తాగమంటారు. చల్లబరిచి తాగితే వికారం తగ్గుతుంది. పాలు, మజ్జిగ, ఎరుపు రంగు పానీయాలు వద్దు. కొబ్బరినీళ్లు, పాలు కలపని టీ తాగొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్లకు కూడా డాక్టరును అడగాలి. విరేచనం లేత పసుపు నీళ్లలా, తేటగా వస్తే పేగు శుభ్రపడినట్లే. మలం మిగిలితే దాని వెనక చిన్న కణితి దాగిపోవచ్చు. మళ్లీ పరీక్ష తప్పకపోవచ్చు.

షుగర్ మందులు, ఇన్సులిన్, బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు, ఐరన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. ఉపవాసంతో షుగర్ పడిపోవచ్చు. అలాగని ఏ మందూ సొంతంగా ఆపకూడదు.

ఇవి కనిపిస్తే ఆగండి

తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బడం, గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే పేగుకు అడ్డు పడిందేమో చూడాలి. అప్పుడు విరేచనం మందు అసలు తాగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక విరేచనం అలవాటు మారడం కూడా డాక్టరుకు చెప్పాల్సినవే.

మందు వేసుకున్నాక కళ్లు తిరిగినా, నోరెండిపోయినా, మూత్రం తగ్గినా మరో మోతాదు వేసుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంట్లో వృద్ధులు ఉంటే ఈ గుర్తులు మరీ గమనించాలి. దాహం వేస్తోందని చాలాసార్లు వాళ్లు చెప్పరు.