లావైన తల్లికి కాన్పు గండమా?

మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ వెలిసినది మొదలు, అటు గచ్చిబౌలి దాకా ఎందరో ఆడపిల్లలు పగలంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగాలు చేస్తున్నారు. వొళ్ళు రాక యేం చేస్తుంది? అటువంటి పిల్ల నెల తప్పిందనగానే పుట్టింటివారికి ఒకటే బెంగ: "యింత లావుగా వుంది, కాన్పులో వొళ్ళు చిరిగిపోదు గదా!" మా స్టాఫ్ రూములోనూ నేను తరుచు వినే మాటే యిది.

తొలిచూలు కాన్పులో చిన్న చిరుగులు చాలామందికి అవుతాయి, మానిపోతాయి. జంకవలసినది ఆసనం చుట్టూ వుండే కండరం దాకా పోయే గాయానికి. స్వీడన్ దేశంలో లక్షల పురుళ్ళ లెక్కలు తీసి చూస్తే, తల్లి లావు పెరిగినకొద్దీ యీ గాయం పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది కూడా! బిడ్డ మరీ పెద్దదైనా, పటకారు వేసి తియ్యవలసి వచ్చినా అపాయం యెక్కువ.

అలాగని లావు నిర్దోషి కాదు. అది దొడ్డిదారిన వస్తుంది. గర్భిణికి చక్కెర వ్యాధి తెస్తుంది. దానితో బిడ్డ బలిసి భుజాలు అడ్డుపడవచ్చు. రక్తపు పోటూ వస్తుంది. 1.6 మీటర్ల పొడుగు మనిషి గర్భానికి ముందు 64 కిలోలు తూగితే మన దేశపు వైద్యులు స్థూలకాయం కిందే లెక్క కడుతున్నారు. తగ్గదలిస్తే ముందే తగ్గాలి. కడుపుతో వుండి పస్తులు పనికిరావు.

చిరుగుకు జడిసి ఆపరేషను కోరుకునేవారూ లేకపోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణా కాన్పులలో నూటికి 60 పైగా సిజేరియన్లే. కోత మాత్రం గాయం కాదా? లావైనవారికి ఆ గాయమే చీము పట్టే భయం యెక్కువ. దానికంటె, బిడ్డ తల మెల్లగా బయటపడేటట్టు చూచి, వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టే నేర్పరి మంత్రసాని వుంటే పెద్ద చిరుగులు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి.

నీళ్ళాడటం, పురుడు పోసుకోవటం—కాన్పుకు తెలుగులో యెన్ని ముచ్చటైన మాటలు! ఆ గాయానికి మాత్రం నలుగురిలో చెప్పుకొనే మాట లేదు. "కుట్లు పడ్డాయి" అని వూరుకుంటారు. వాయువో, మలమో ఆపుకోలేక అవస్థ పడుతూ, 26 వారాల సెలవు అయిపోవస్తున్నా కన్నతల్లికైనా చెప్పని పిల్లలున్నారు. వ్యాయామంతోనో, అవసరమైతే శస్త్రచికిత్సతోనో చాలామందికి నయమయ్యేదే అది. బిడ్డ బరువు యెంతని అడిగే అమ్మమ్మలూ, నాయనమ్మలూ బాలింతను యీ సంగతి కూడా మెల్లగా అడగాలి. అడిగి, డాక్టరమ్మ దగ్గరికి వెంట తీసుకువెళ్ళాలి.