అందరి మాట

అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పదవులు నిండినంత మాత్రాన సంఘం ఏర్పడదు. ఒకరు ఆజ్ఞాపించడం, తక్కినవారు తలలూపడమే నాయకత్వమని లోకం భావిస్తుంది. ఆ భావన సరికాదని నెల్లూరు జిల్లాలోని దూబగుంట నిరూపించింది.

1990వ దశకం తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా అక్కడ రాత్రిబడి వెలసింది. పగలంతా కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ పలకలు పట్టారు. అక్షరాలతోపాటు తమ కష్టాలనూ కలబోసుకున్నారు. రెక్కలు ముక్కలు చేసుకొని సంపాదించిన సొమ్ము సారాకే పోతున్నదనే బాధ ఏ ఒక్క ఇంటిదో కాదని గ్రహించారు. అందరూ ఏకమై ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు.

ఆ విజయగాథ అక్షరాస్యతా వాచకంలో పాఠమైంది. దానిని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడలేదు. ఏ ఊరివారు ఆ ఊరికి తగిన మార్గాన్ని నిర్ణయించుకున్నారు. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది.

దూబగుంట రోశమ్మ పేరు ఈ ఉద్యమానికి ప్రతీకగా నిలిచింది. అయితే దానికి బలమిచ్చినవారు చరిత్రకెక్కని అసంఖ్యాక స్త్రీలు. సంఘంలో చివరి వరుసలో కూర్చున్నవారి మాటకు ఎంత విలువ లభిస్తున్నదనేదే దాని నాయకత్వానికి నిజమైన గీటురాయి.