తక్కువ డబ్బుల్లో ఓవర్‌డ్రైవ్ పెడల్

ఫస్టియర్ ఫెస్ట్‌లో నా సోలో ఎవరికీ వినపడలేదు. వీడియో చూసి అమ్మ, "నువ్వెప్పుడు వాయించావురా?" అంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో కొన్న పెడల్ అది!

తప్పు పెడల్‌ది కాదు, నాది. నేను కొన్నది మిడ్స్ తగ్గించి, బేస్, ట్రెబుల్ పెంచే డిస్టార్షన్. రూమ్‌లో అదిరిపోయింది. స్టేజి మీద మాత్రం కింద బేస్ గిటార్, పైన సింబల్స్ దాన్ని మింగేశాయి.

ఓవర్‌డ్రైవ్ పని వేరు. సిగ్నల్ హద్దు దాటగానే డయోడ్లు దాని శిఖరాలను మెల్లగా గుండ్రం చేస్తాయి. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అయితే బేస్ కొంత కోసి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్స్‌ని ముందుకు తెస్తుంది. దాని పద్ధతిలోనే చేసిన బెరింగర్ టీఓ800 చవక, కాకపోతే డబ్బా ప్లాస్టిక్. బాస్ ఎస్‌డీ-1ది గట్టి మెటల్ డబ్బా. అందులో తరంగం పై సగం, కింది సగం వేర్వేరుగా క్లిప్ అవుతాయి, అందుకే సౌండ్ కాస్త వేరుగా ఉంటుంది.

కొనేముందు మీ గిటార్ తీసుకెళ్లండి. డ్రైవ్ తగ్గించి, లెవెల్ పెంచి, పక్కన ఇంకొకరు వాయిస్తుండగా వినండి. 9 వోల్టుల సెంటర్ నెగటివ్ అడాప్టర్‌కీ డబ్బులు ఉంచుకోండి.

పాతది అమ్మేసి నేను సెకండ్‌హ్యాండ్ ఎస్‌డీ-1 కొన్నా. ఈసారి వీడియో చూసి అమ్మ అంది: "కొంచెం సౌండ్ తగ్గించరా!"