శెనక్కాయలో మొవ్వు కుళ్లు: కషాయం కొట్టినా ఎందుకు పోదు?

పులివెందుల దగ్గర తీసిన ఈ వీడియోలో ఒక అన్న అడిగినాడు: "మొవ్వు ఎండిపోయింది. నాలుగుసార్లు దశపర్ణి కషాయం కొడితిమి. ఇంకేం కొట్టాల?" ఒకప్పుడైతే నేను ఇంకోసారి కొట్టమనేవాణ్ణి. అది తప్పు. ఎందుకో చెప్తా.

లేత ఆకుల మీద పసుపు వలయాలు పడి, మొవ్వు ఎండి, పక్క కొమ్మలు గుబురుగా, చిన్న ఆకులతో వస్తే అది మొవ్వు కుళ్లు. దానికి కారణం ఒక ఆర్‌ఎన్‌ఏ వైరస్.

మొక్క కణంలో ఏ ప్రోటీన్ తయారు కావాలన్నా ఆర్‌ఎన్‌ఏ అనే చీటీ కావాల. చీటీ మొదట్లో క్యాప్ అనే ముద్ర ఉంటుంది. సబ్సిడీ విత్తనకాయల చీటీకి ముద్ర లేకుంటే మూట ఇస్తారా? ఇక్కడా అంతే. పని అయిపోయిన చీటీలకు కణమే ముద్ర ఊడదీసి, ముక్కలు చేసి, మళ్లీ వాడుకుంటుంది.

ఈ వైరస్‌కు సొంత ముద్ర లేదు. అందుకే మొక్క చీటీ మొదలును ముద్రతో సహా, పది ఇరవై అక్షరాల మేర కత్తిరించి తన చీటీకి అతికించుకుంటుంది. దీనికి దూరపు చుట్టం, పశువులకు వచ్చే రిఫ్ట్ వ్యాలీ జ్వరం వైరస్. దాన్ని ఈగ కణాల్లో పరీక్షిస్తే, చెత్తకు పోయే చీటీల నుంచే ముద్రలు దొంగిలిస్తోందని తేలింది. ముద్ర ఊడదీసే ఎంజైమును తగ్గిస్తే వైరస్ జోరు పెరిగింది, పెంచితే తగ్గింది. అంటే కణానికీ వైరస్‌కూ ఆ ముద్రల కోసమే పోటీ.

ఇదంతా కణం లోపల జరిగే దొంగతనం. మనం ఆకు మీద కొట్టేది అక్కడికి చేరదు. రసాయన మందుదీ అదే కథ. కాబట్టి తెగులు వచ్చినాక ఖర్చు పెట్టొద్దు, రాకముందే దారి మూయండి.

ఇది విత్తనం ద్వారా రాదు, తామర పురుగు తెస్తుంది. పిల్ల దశలో వైరస్‌ను ఎక్కించుకుని, పెద్దదయ్యాక చచ్చేదాకా పంచుతుంది. అందుకని:

- పొలం చుట్టూ మూడు నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ ముందే వేయండి.
- సందులు లేకుండా దగ్గరగా విత్తండి.
- నీమాస్త్రం పైరు లేతగా ఉన్నప్పుడే, పురుగు కోసం కొట్టండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు పొద్దుతిరుగుడు వేసే అన్నలకు ఇంకో మాట. దాన్ని ఎండబెట్టేది వేరే ఆర్‌ఎన్‌ఏ వైరస్. అది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగులే మోసుకొస్తాయి. 2000లో అనంతపురం జిల్లాలో శెనక్కాయను కాండం కుళ్లుతో ముంచింది అదే. గట్ల మీద వయ్యారిభామను పూత రాకముందే పీకేయండి.