ఉచ్చు పందికి, చిక్కేది చిరుత

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో 2020 జనవరిలో ఓ చిరుత ఉచ్చులో చిక్కింది. దాన్ని ప్రాణాలతో పట్టి హైదరాబాద్ జూకు చేర్చారు. అదే ఏడాది మే 28న, అదే మండలం రాజాపేట తండా దగ్గర మరో చిరుత కంచెలో ఇరుక్కుంది. మత్తు సూది వేశాక అది తప్పించుకుని సిబ్బంది మీదికి దూకింది. కొందరికి గాయాలయ్యాయి. చివరికి పట్టుకున్నారు గానీ, జూకు తీసుకెళ్తుండగా చచ్చిపోయింది.

అక్కడ ఉచ్చులు పెట్టేది చిరుత కోసం కాదు, అడవి పందుల కోసం. చేతికొచ్చిన పల్లి, మక్క చేలను ఒక్క రాత్రిలో పందుల గుంపు పెళ్లగించిపోతుంటే రైతు ఊరుకోలేడు. ఆ కడుపుమంట నిజం. కానీ తీగకు తెలియదు, వచ్చింది పందో చిరుతో. దానికి కరెంటు కలిపితే తెల్లారి నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు ప్రాణమే పోవచ్చు.

రెండో ప్రమాదం జనం.

చిరుత సాధారణంగా మనిషిని తప్పించుకునే తిరుగుతుంది. కుక్కలు, మేకలు, లేగదూడల కోసం ఊరి అంచుకొస్తుంది. దాన్ని చూడగానే సెల్‌ఫోన్లు పట్టుకుని వందల మంది చుట్టుముడితే పారిపోయే దారి మూసుకుపోతుంది. మత్తుమందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఎండ, నొప్పి, భయం, అరుపులు కలిసిన ఆ కాసేపే అందరికీ గండం.

2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయంలో చిరుత కనిపించినప్పుడు కెమెరాలు అమర్చి, బోన్లలో మేకలను ఎరగా పెట్టి, ఓపికగా కాపు కాశారు. అయిదారు రోజుల్లో అది బోనులో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. గుంపు లేకపోవడమే అక్కడ పెద్ద మేలు. 2025 జూలైలో మహబూబ్‌నగర్ పట్టణంలోనే, తిరుమలదేవుని గుట్ట మీద చిరుత కనబడి జనం వణికిపోయారు. గుట్టల పక్కనే ఇళ్లు పెరుగుతున్నాయి కాబట్టి ఇలాంటివి ఇక ముందూ తప్పవు.

చిరుత 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే కనీసం మూడేళ్ల జైలు. మేకనో దూడనో అది చంపితే అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. అందుకే కళేబరాన్ని కదపకండి, దానికి విషం పూయకండి, వెంటనే అధికారులకు చెప్పండి. చేని చుట్టూ ఉచ్చులుంటే ఈ రోజే తీసేయండి.