స్కోప్‌లో చుక్క ఎందుకు ఆరిపోతుంది? సీఆర్2032 సెల్ కొనేముందు ఇవి చూడండి

ఎయిర్ రైఫిల్ స్కోప్‌లో ఎర్ర చుక్క నిన్నటిదాకా బాగానే వెలిగింది. ఈరోజు మసగ్గా ఉంది. సెల్ బయటికి తీసి మల్టీమీటర్ పెడితే దాదాపు 3 వోల్టులు చూపిస్తోంది. "సెల్ బానే ఉంది, స్కోపే పోయిందేమో" అనుకుంటాం. కానీ చాలాసార్లు తప్పు సెల్‌దే. కారు తాళం, ఎయిర్‌ట్యాగ్, పీసీ మదర్‌బోర్డు, వీటన్నిటిలో ఉండేది కూడా ఎక్కువగా ఇదే సెల్ కాబట్టి స్కోప్ లేనివాళ్లకీ ఈ ఆర్టికల్ పనికొస్తుంది.

మల్టీమీటర్ ఎందుకు మోసం చేస్తుంది?

లిథియం కాయిన్ సెల్ వోల్టేజ్ దాదాపు చివరిదాకా 3 దగ్గరే ఉంటుంది. సెల్ వాడేకొద్దీ పెరిగేది లోపలి రెసిస్టెన్స్. మల్టీమీటర్ కరెంట్ దాదాపు తీసుకోదు కాబట్టి దానికి ఆ తేడా కనబడదు. ఎల్ఈడీ వెలిగించగానే వోల్టేజ్ పడిపోతుంది. అందుకే సెల్ రెండు వైపులా ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఆనించి, అప్పుడు కొలవండి. 5 సెకన్ల తర్వాత కూడా 2.9 దగ్గర నిలబడితే సెల్ బాగున్నట్టే. 2.5 కిందకి జారితే పక్కన పెట్టేయండి.

పేరులోనే అంతా ఉంది

సీ అంటే లిథియం–మాంగనీస్ డయాక్సైడ్ కెమిస్ట్రీ, ఆర్ అంటే గుండ్రటిది. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. మంచి కంపెనీ సెల్‌లో సుమారు 220 నుంచి 240 ఎంఏహెచ్ ఉంటుంది. సీఆర్2025 కూడా 3 వోల్టులే, కానీ పలచన. 2032 స్లాట్‌లో పెడితే కాంటాక్ట్ లూజై, షేక్ అయినప్పుడల్లా లైట్ ఆరిపోతుంది. ఎల్ఐఆర్2032 అనే రీచార్జబుల్ రకం జోలికి అసలు పోకండి. అది ఫుల్ చార్జ్‌లో 4.2 వోల్టులు ఇస్తుంది, కెపాసిటీ మాత్రం 40 ఎంఏహెచ్ దగ్గరే.

ఎన్ని గంటలు వస్తుంది?

ఎయిమ్‌పాయింట్ మైక్రో టీ-2 రెడ్ డాట్‌కి ఒక్క సీఆర్2032తో 50,000 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది. 220ని 50,000తో భాగిస్తే అది తీసుకునే కరెంట్ 5 మైక్రోఆంపియర్లు కూడా లేదు. అదే 2 మిల్లీఆంపియర్లు లాగే స్కోప్ అయితే లెక్క ప్రకారం 110 గంటలే. కాబట్టి బ్రైట్‌నెస్ అవసరమైనంతే పెట్టుకోండి, పని అయ్యాక నాబ్ ఆఫ్‌లో పెట్టండి. గన్ నెలల తరబడి తీయకపోతే సెల్ బయటికి తీసేయండి. రెటికిల్ గాజు మీద చెక్కి ఉన్న స్కోప్ అయితే సెల్ అయిపోయినా నల్ల గీతలు కనిపిస్తూనే ఉంటాయి. అసలు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది స్కోప్ లేకుండానే. ఆ పోటీలో స్కోప్‌లకి అనుమతే లేదు.

ఎక్కడ, ఎలా కొనాలి?

జనగామలో వాచీ రిపేర్ షాపుకెళ్లినా, మానుకోటలో మొబైల్ షాపుకెళ్లినా ఒకటే అడగండి: సీల్ తీయని స్ట్రిప్, దాని మీద తేదీ. డబ్బాలోంచి తీసిచ్చే లూజ్ సెల్ ఎప్పటిదో ఎవరికీ తెలియదు. పైగా డబ్బాలో ఒకదానికొకటి తగిలి షార్ట్ అయ్యుంటే సగం కెపాసిటీ అక్కడే పోయి ఉండొచ్చు. పానసోనిక్, మాక్సెల్, మురాటా, ఎనర్జైజర్, డ్యూరాసెల్ లాంటివి తీసుకోవచ్చు. ఇంకో చిట్కా: సోనీ బ్యాటరీ వ్యాపారం 2017లోనే మురాటాకి వెళ్లిపోయింది. ఈమధ్య తేదీతో సోనీ పేరున్న సెల్ కనిపిస్తే అనుమానించాల్సిందే. భూపాలపల్లి ఎండల్లో స్పేర్ సెల్స్‌ని కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి. ఫ్రిజ్ అక్కర్లేదు, ఇంట్లో నీడపట్టున ఉంటే చాలు.

చిన్నపిల్లలున్న ఇల్లయితే

డ్యూరాసెల్ సెల్స్‌కి చేదు పూత ఉంటుంది. దానివల్ల కొన్ని డివైజ్‌లలో కాంటాక్ట్ సరిగా అందదు. ఎయిర్‌ట్యాగ్ విషయంలో ఆపిల్ కూడా ఈ మాట చెప్పింది. అయినా ఆ పూతకి కారణం ఉంది. 20 మిల్లీమీటర్ల సెల్‌ని పిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడికి కరెంట్ పారి క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోతుంది. స్కోప్‌కి పనికిరాదని మనం పక్కన పడేసిన సెల్ కూడా ఈ పని చేయగలదు.

భూపాలపల్లి నుంచి వరంగల్ చేరడానికే గంటకు పైగా పడుతుంది. అందుకే అనుమానం వచ్చినా చాలు, వెంటనే 108కి ఫోన్ చేసి "బ్యాటరీ మింగినట్టున్నారు" అని స్పష్టంగా చెప్పండి. వాంతి చేయించొద్దు, అన్నం పెట్టొద్దు. ఏడాది దాటిన పిల్లలైతే, మింగి 12 గంటలు కాకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు. ఆరుసార్లకి మించొద్దు. తేనె కోసం మాత్రం ప్రయాణం ఆపొద్దు.

కత్తెర పెడితే గానీ తెగని ప్యాకింగ్ చూస్తే చిరాకే. కానీ సెల్ ఫ్రెష్‌గా ఉందని చెప్పేదీ, పిల్లల చేతికి అందకుండా ఆపేదీ అదే. వాడేసిన సెల్ రెండు వైపులా టేప్ అంటించి, పిల్లలకి అందని చోట పెట్టి, తర్వాత ఈ-వేస్ట్‌లో వేయండి.