మీకు తెలుసా? రాయి ఒకటే, తరంగ వేగాలు వేరు!

• షేల్ రాతిలో ధ్వని తరంగం అన్ని దిక్కులకూ ఒకే వేగంతో పోదు. అందులోని సన్నని బంకమట్టి ఖనిజాలు పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. పొరల వెంట తరంగం చురుగ్గా సాగుతుంది, పొరలను దాటుకుంటూ వెళ్లేటప్పుడు నెమ్మదిస్తుంది. ఈ గుణమే ఎనైసోట్రపీ.

• దీన్ని కొలవడానికి 1986లో భూభౌతిక శాస్త్రవేత్త లియాన్ థామ్సెన్ ఎప్సిలాన్, డెల్టా, గామా అనే మూడు సంఖ్యలను ప్రతిపాదించారు. ఎప్సిలాన్ 0.2 అయితే, నిలువుగా సెకనుకు 3,000 మీటర్లు పోయే పీ-తరంగం (ధ్వనిలా రాతిని నొక్కుతూ సాగే తరంగం) పొరల వెంట దాదాపు 3,600 మీటర్లు పోతుంది.

• ఈ తేడాను పట్టించుకోకపోతే లోతు లెక్క తప్పుతుంది. నార్త్ సీలోని షేల్ ప్రాంతాల్లో సీస్మిక్ సర్వే (నేలలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులతో చేసే సర్వే) చెప్పిన లోతు కన్నా పైనే రాతిపొర బావికి తగిలింది. ఆ తేడాకు మూలం ఎనైసోట్రపీయేనని 1984లోనే ఒక అధ్యయనం చూపింది.

• పగుళ్ల వల్ల కూడా ఎనైసోట్రపీ వస్తుంది. నిలువు పగుళ్లున్న రాతిలో నిలువుగా ప్రయాణించే ఎస్-తరంగం (ప్రయాణ దిశకు అడ్డంగా కంపించే తరంగం) రెండుగా చీలుతుంది. పగుళ్లకు సమాంతరంగా కంపించేది ముందు చేరుతుంది, పగుళ్లకు అడ్డంగా కంపించేది వెనకబడుతుంది. చమురు, గ్యాస్ పారే పగుళ్లు ఏ దిక్కుగా ఉన్నాయో తవ్వకముందే అంచనా వేయడానికి ఈ చీలిక ఎంతో విలువైన ఆధారం.